పెట్టుబడి ఎవరిది

నాకు డబ్బులివ్వలేమని రాసేవాళ్ళంతా చాలా మర్యాదస్తులు. మీ పరిశోధనాంశం ఎంతో ఆసక్తికరంగా ఉంది అని మొదలుపెడతారు. అక్కడే నాకు విషయం తెలిసిపోయేది. పెళ్ళిచూపులకొచ్చి ఉప్మా బాగుందని పదేపదే మెచ్చుకునేవాళ్ళు ఎలాగూ సంబంధం ఖాయం చెయ్యరు. రెండో పేరాలో "అయితే" వస్తుంది. ఈ ఏడాది దరఖాస్తులు చాలా వచ్చాయని, మరోచోట నాకు మంచి జరగాలని కోరుకుంటున్నారని ఉంటుంది. ఆ మరోచోటు ఎక్కడుందా అని మళ్ళీ లాప్‌టాప్ తెరిచేదాన్ని.

నా పీహెచ్‌డీ సోషియాలజీలో. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ బతుకు మీద. యూనివర్సిటీ ఇచ్చే చిన్న ఫెలోషిప్ గడువు తీరిపోయింది. అసలు పని, అంటే ఏడాది పాటు వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి, మాట్లాడి రాసుకోవడం ఇంకా మొదట్లోనే ఉంది. బయటి సంస్థ ఏదైనా గ్రాంటు ఇవ్వకపోతే అదంతా వదిలేసి ఏ జూనియర్ కాలేజీలోనో సివిక్స్ చెప్పుకోవాలి. అదేమీ తప్పు పని కాదు. కానీ నాకు ఈ పనే కావాలి. నేను దేన్నీ ఇంత గట్టిగా కోరుకోలేదు.

మా గైడు గారు మంచివారు. కాకపోతే ఆయన దగ్గర ఉన్నవి సలహాలే. వాతావరణ మార్పు అన్న మాట ఎక్కడైనా కలపమ్మా అన్నారు. కలిపాను. ఒక సంస్థకి ఆ ఆడవాళ్ళు వాతావరణ మార్పు బాధితులు, ఇంకో సంస్థకి ఎగుమతి వ్యాపారంలో కనిపించని చేతులు, మూడోదానికి సాధికారత కోసం ఎదురుచూసే మహిళలు. ఏ ఎండకా గొడుగు పట్టాను. వాళ్ళు మాత్రం రోజూ పొద్దున్నే ఆటోల్లో కిక్కిరిసి వచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని కాయల గుట్ట చుట్టూ కూర్చునేవాళ్ళు.

నల్లపాడు స్టేషన్‌కి దగ్గర్లో మేడ మీద గదిలో ఉండేదాన్ని. ప్రపోజల్ రాయడమంత ఒంటరి పని ఇంకొకటి లేదేమో. కథ రాస్తే ఎవరో ఒకరు చదువుతారు. ప్రపోజల్‌ని మనం ఎప్పటికీ మొహం చూడని మనుషులు చదివి పక్కన పెడతారు, ఇంకెవరికీ అది అక్కర్లేదు. హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ ఒక స్నేహితురాలూ ఒకరివి ఒకరం దిద్దుకునేవాళ్ళం. ఆమె హైదరాబాదులో ఉద్యోగంలో చేరిపోయింది. ఫైలు పంపితే సాయంత్రానికి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చేది. ఆమెననడానికి లేదు, ఆమె పని ఆమెది. ఇంటావిడ మెట్ల మీద కనిపించినప్పుడల్లా పరీక్షలు అయిపోలేదా అని అడిగేది. నేను రాసింది నేనే పైకి చదువుకుని తప్పులు పట్టుకునేదాన్ని. కొన్ని రోజులు ఆ గదిలో నేను విన్న గొంతు నాదొక్కటే.

మనుషుల మధ్య ఉన్నాననిపించేది తొడిమలు తీసే గోడౌన్‌లోనే. అక్కడ కూలీలని తెచ్చే మేస్త్రి ఒక పెద్దావిడ. నన్ను రానిస్తూ ఒకే షరతు పెట్టింది, ఊరికే కూర్చుని చూస్తే కుదరదు, చెయ్యాడించాలని. అందుకని నేనూ కింద కూర్చుని తొడిమలు తీసేదాన్ని. ఘాటుకి మొదట్లో ప్రశ్నల కంటే దగ్గులే ఎక్కువ. వాళ్ళు నవ్వేవాళ్ళు. నన్ను పాపా అనేవాళ్ళు. నా పక్కన కూర్చునే ఆవిడని నేను పిన్నీ అనేదాన్ని. ఆవిడకీ దగ్గుంది, నాలాగా వచ్చి పోయేది కాదు. దగ్గే మనిషిని వచ్చే సీజనుకి పిలవరని, అందుకే దగ్గొచ్చినప్పుడల్లా నీళ్ళ వంకతో బయటికి వెళ్ళొస్తానని ఒకరోజు తల ఎత్తకుండానే చెప్పింది. ఇలాంటి మాట ఒక్కటి దొరకడానికి నెలలు పట్టింది. నా పరిశోధన అంటే అదే.

మా నాన్న చిలకలూరిపేట వైపు పల్లెలో మిరప, పత్తి వేస్తాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ డబ్బుల సంగతి ఏమైందని అడిగేవాడు. దరఖాస్తు అంటే ఆయనకి అర్థం కాలేదు. మొహం తెలియని వాళ్ళు నీకెందుకిస్తారమ్మా అనేవాడు.

మా వైపు పెట్టుబడి ఎప్పుడూ తెలిసిన మనిషి దగ్గర్నుంచే వస్తుంది. నారు వేసే ముందు కమీషన్ కొట్టు వ్యాపారి డబ్బిస్తాడు. కాయలొచ్చాక టిక్కీలన్నీ, అంటే కాయల బస్తాలన్నీ, గుంటూరు మిర్చి యార్డులో ఆయన కొట్టుకే వెయ్యాలి. ఇది ఎక్కడా రాసుండదు, రాయాల్సిన పనీ లేదు. ఆయన పెళ్ళిళ్ళకి వస్తాడు, ఒంట్లో బాగోలేకపోతే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చెబుతాడు. నేను పుట్టకముందు నుంచీ మా కాయలు ఒకే కొట్టుకి వెళుతున్నాయి.

నా అవస్థ చూడలేక నాన్న రైతుకి తెలిసిన పనే చేశాడు. ఆ వ్యాపారి దగ్గరికి వెళ్ళి నా చదువుకి పెట్టుబడి అడిగాడు. ఆయన మన అమ్మాయేగా అని సంతోషంగా ఒప్పుకున్నాడట. నేను రోజూ వెళ్ళి కూర్చునే గోడౌన్ కూడా ఆయనదే. మేస్త్రి ద్వారా వెళ్ళాను కాబట్టి అక్కడ నేను ఫలానా రైతు కూతురినని ఎవరికీ తెలియదు. నాన్నకి మాత్రం ఇదంతా కలిసొచ్చినట్టే అనిపించింది. అన్నీ కుదిరాక నాకు చెప్పి సంతోషపెడదామనుకున్నాడు.

ఆయన చెప్పకముందే నాకు ఒక కుర్చీ చెప్పింది. ఆ రోజు వెళ్ళేసరికి గుట్ట పక్కన, ఫ్యాను కింద, తుడిచిన ప్లాస్టిక్ కుర్చీ వేసుంది. కొట్టు గుమాస్తా ఎదురొచ్చాడు.

"కూర్చోండి మేడం. మీ చదువు ఖర్చు మా కొట్టు తరఫునే అంటగా. వీళ్ళందరికీ చెప్పేశాం, ఏం అడిగినా చెప్తారు."

నేను కుర్చీలో కూర్చోలేదు, ఎప్పట్లాగే కిందే కూర్చున్నాను. అయినా నా చుట్టూ చోటు మిగిలిపోయింది. ఎవరిని ఏం అడిగినా బానే ఉంటదండీ అన్నారు. చివరికి పిన్నిని దగ్గు ఎలా ఉందని అడిగాను.

"దగ్గేముందండీ మేడం. చలికి వస్తా ఉంటది."

బయట రోళ్ళు పగిలే ఎండ. ఆవిడ నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఘాటుకి కళ్ళు మండాయనుకుని ఉంటారు. అంతమంది మధ్య కూర్చుని నల్లపాడు గదిలో కంటే ఒంటరిదాన్నయ్యాను.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఊరికి వెళ్ళాను. నాన్న నన్ను చూసి, కబురు తెలిసి సంతోషం చెప్పుకోవడానికి వచ్చాననుకున్నాడు. ఆ డబ్బు వద్దని చెప్పేసరికి ఆయనకి కోపం వచ్చింది.

"పెట్టుబడి పెట్టినోడు లేకుండా ఏ పంట పండిద్దమ్మా?" అన్నాడు.

"పండాక ఎవరి కొట్టుకి వెళ్ళాలి నాన్నా?"

"పెట్టినోడి కొట్టుకే. అదేం ప్రశ్న?"

"వాళ్ళకీ తెలుసు ఆ సంగతి. అందుకే నాతో మాట్లాడటం మానేశారు."

మర్నాడు నాన్న తెల్లచొక్కా వేసుకుని గుంటూరు వెళ్ళి, అమ్మాయికి వద్దంటండీ అని చెప్పొచ్చాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆ వ్యాపారి కూడా మర్యాదస్తుడే. మీ ఇష్టమండీ, మీ కాయలు కూడా ఎక్కడ బావుంటే అక్కడ వేసుకోండి అన్నాడట. అంతకంటే పెద్ద తిట్టు మా యార్డులో లేదు. ఆ ఏడు నాన్న బ్యాంకులో అప్పు తెచ్చి మిరప వేశాడని తర్వాత అమ్మ చెబితే తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒక సంస్థ వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూకి పిలిచారు. అదే నా ఆఖరి దరఖాస్తు. ఇప్పటిదాకా ఎదురైన ఇబ్బందులేమిటని అడిగారు. బట్టీపట్టిన జవాబు ఉంది. అది వదిలేసి కుర్చీ సంగతి చెప్పాను. చెప్పడం అయ్యాక తెర మీద ఉన్న ముగ్గురూ తలలు వంచి రాసుకున్నారు. ధన్యవాదాలు అన్నారు, తెర నల్లబడింది. ఇంతేనా అనుకున్నాను.

ఈసారి వచ్చిన మెయిల్లో "అయితే" లేదు. గది తలుపు తీసి మెట్ల దాకా వెళ్ళాను, ఎవరికి చెప్పాలో తెలియక మళ్ళీ లోపలికి వచ్చాను. నాన్నకి ఫోన్ చేశాను. వాళ్ళకేం కావాలంట అన్నాడు. ఏమీ అక్కర్లేదు, ఏడాదికోసారి రిపోర్టు పంపితే చాలన్నాను. మంచోళ్ళేలే అన్నాడు, ఆ గొంతులో నమ్మకం లేదు. డబ్బు వచ్చింది. పాత గోడౌన్‌కి రెండుసార్లు వెళ్ళి చూశాను, కుర్చీ తియ్యలేదు. ఊరికి అవతలి వైపు ఇంకో గోడౌన్‌లో, కొత్త మనుషుల మధ్య, మొదటి దగ్గు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

కాయలొచ్చే రోజుల్లో ఒక పొద్దున పని మీద యార్డుకి వెళ్ళాను. ఎర్రటి టిక్కీల వరసల మధ్య నడుస్తుంటే ఒకచోట నాన్న కనిపించాడు. తెలియని కొట్టు ముందు, తన టిక్కీల మీద, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. పాత కొట్టులో అయితే ఈపాటికి లోపల కుర్చీ వేసి, టీ ఇచ్చి, పొలం సంగతులు అడిగేవాళ్ళు. ఇక్కడ ఆయన పక్కనుంచే జనం వెళుతున్నారు, వస్తున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు, కొంచెం జరిగి చోటిచ్చాడు.

"నీకిచ్చినోళ్ళు ఏమన్నా అడుగుతున్నారా?" అన్నాడు.

"లేదు నాన్నా. ఇంతవరకూ ఒక్క ఫోను కూడా రాలేదు."

ఆయన తల ఊపాడు.

"నన్నూ అంతేనమ్మా. పొద్దుటినుంచి ఒక్కళ్ళూ పలకరించలా."

ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. వేలంపాట అయ్యేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.