బుచ్చవ్వ ఇంకుడు గుంత

బుచ్చవ్వ ఒకటి పట్టుకుందంటే వదలదని ఆ గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. సిరిసిల్ల నుంచి కొత్తకోడలుగా సూరత్ వచ్చి, మగ్గాలకు నూలు కండెలు చుట్టి పిల్లల్ని పెంచింది. వాన పడితే చాలు, మగ్గాల నూనె, నూలు పోగులు కలిసిన నీళ్లు ఇళ్లలోకి వచ్చేవి. చూసి చూసి ఆమెకు విసుగెత్తింది. మూలనున్న ఖాళీ జాగాలో టెంపోలు నిలుపుకుందామని మగాళ్లు ఉవ్విళ్లూరుతుంటే అడ్డంపడి, మున్సిపాలిటీ చుట్టూ తిరిగి, అక్కడ ఇంకుడు గుంత తవ్వించింది. అడుగున రాళ్లు, ఆపైన కంకర, ఇసుక, అంచున మెట్టతామరలు. మురికి ఇసుకలో ఆగిపోయి నీళ్లు భూమిలోకి దిగాలి.

ఆ గుంతను చూడగానే ఆమెకు ఆశ పుట్టింది. బతుకమ్మల్ని నీళ్లలో సాగనంపడానికి ఆడవాళ్లంతా ఏటా ఆటోలెక్కి ఎక్కడికో పోవాలి. ఇక్కడే కాసిన్ని నీళ్లు నిలిస్తే ఎంత బాగుంటుంది! మున్సిపాలిటీ వాళ్లు పని ముగించి వెళ్లగానే ఇసుక మీద బంకమట్టి పరిపించి, ఆడవాళ్ల చేత చెరువు కట్టలా తొక్కించింది. నీళ్లు ఇంకాల్సిన గుంతకు మూత వేసి, ఆ సంబరంలో అందరికీ చాయ్ కూడా పోసింది.

మొదటి పెద్ద వానకే గుంత నిండి కూర్చుంది. రెండో వానకు పొంగి పక్కింటి ప్రమీల ఇంట్లో దూరింది. ఆమె చుట్టి పెట్టుకున్న కండెలన్నీ నానిపోయాయి. మగాళ్లకు సందు దొరికింది. పూడ్చి సిమెంటు వేయాల్సిందేనని పట్టుబట్టారు. సూరత్‌లోనే పుట్టిన కరీంనగర్ వాళ్లబ్బాయి గణపతి, మున్సిపాలిటీ సూపర్‌వైజర్, వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“ఫెయిలైందని చెప్పాల్సొస్తది బుచ్చవ్వా. సాబ్‌లు పూడ్చుమంటరు.”

ఆడవాళ్లు మట్టి తొక్కిన సంగతి గణపతికి తెలియదు. చెబితే గల్లీలో నవ్వులపాలే. కానీ చెప్పకపోతే గుంతే పోతుంది. బుచ్చవ్వ ముందుకొచ్చింది.

“గుంతది తప్పు గాదు బిడ్డా, నాది. బతుకమ్మకు నీళ్లుంటయని నేనే మట్టి తొక్కిచ్చిన. జర ఇంకొక్క పెద్ద వాన దాక ఆగు.”

మగాళ్లు పగలబడి నవ్వారు. నవ్వనీ! మర్నాడే ఆమె కొంగు బిగించి పార పట్టింది. తిట్టుకుంటూనే ప్రమీల మొదటి తట్ట ఎత్తింది. ఆడవాళ్లంతా కలిసి మట్టి తోడేసి, పాడైన ఇసుక తీసి, కొత్త ఇసుక పోశారు.

శ్రావణంలో కుండపోతగా కురిసింది. అవతలి గల్లీల్లో మోకాలి లోతు నీళ్లు. వాన వెలిసిన మర్నాడు గణపతి వచ్చాడు. గుంతలో ఇసుక మీద నల్లటి జిడ్డు, నూలు పోగులు పేరుకుని ఉన్నాయి. చుక్క నీరు లేదు. పూడ్చమన్న మగాళ్లే వంగి వంగి చూస్తున్నారు.

“గుంతల నీళ్లే లేవు గదా అవ్వా!” అన్నాడు గణపతి నవ్వుతూ.

బుచ్చవ్వ ఛాతీ ఉప్పొంగింది. ప్రమీల గుమ్మం వైపు చెయ్యి చాపింది.

“ఇండ్లల్ల గూడ లేవు. పోయి సూస్కో!”