ఇత్తడి పెన్నులో పచ్చబడ్డ సిరా

పోయిన శుక్రవారం పొద్దున్నే రాజోలు నుంచి ఫోనొచ్చింది. "అక్కా, నాన్నగారు వెళ్ళిపోయేరక్కా. నిద్రలోనే" అంది పెదనాన్నగారి కూతురు. నేను అయ్యో అన్నానో లేదో గుర్తులేదు. ఫోను చేతిలోంచి జారుతుంటే చూసుకున్నాను, అరచెయ్యంతా చెమట. అరవై దాటినా నా చెయ్యి మారలేదు. భయం ఏదొచ్చినా ముందు దానికే తెలుస్తుంది. ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టిన మనిషే ఇప్పుడు పోయారు.

ఆయన నాకు చుట్టం కాదు. మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, చర్చిలో మా ముందు వరసలో కూర్చునేవారు. నేను పెదనాన్నగారూ అనేదాన్ని. ఊరంతా పెన్నులాయన అనేది. డెబ్బయ్యో దశకం చివర్లో రాజోలు బస్టాండు పక్కన ఆయనకో చెక్క బంకు ఉండేది. అందులో కాలితో తొక్కే చిన్న లేతు మిషను, నాలుగు ఆకురాళ్ళు, సిరా బుడ్లు, ఒక ముక్కాలిపీట. ఇంకో మనిషి నిలబడాలంటే ఆయన కాళ్ళు ముడుచుకోవాలి.

ఆయన దగ్గర జేబు పెన్నులు ప్రసిద్ధి. మూత పెడితే చూపుడువేలంత ఉండేవి. రాసేటప్పుడు ఆ మూతే వెనక తగిలిస్తే మామూలు పెన్నంత పొడవయ్యేవి. బస్సు కండక్టర్లు, రేవులో టిక్కెట్లు చింపేవాళ్ళు, కొబ్బరి కొట్ల గుమాస్తాలు అవే కొనేవారు. ప్లాస్టిక్ పెన్ను జేబులో ఉండగా వంగితే చాలు, పుటుక్కుమనేది. అందుకని ఈయన లోహపు గొట్టాలు తెచ్చి, కోసి, మరలు తీసి, పాళీ బిగించి ఇచ్చేవారు. ఖరీదైన పెన్ను కొనలేనివాళ్ళ చేతికి కూడా పదేళ్ళు మన్నే పెన్నుండాలని ఆయన పట్టుదల.

పెన్ను అమ్మే ముందు ఆయనకో అలవాటుండేది. "చెయ్యి ఇలా ఇవ్వండి" అని అరచెయ్యి తీసుకుని బొటనవేలితో ఒకసారి రాసి చూసేవారు.

"జాతకం చెబుతారేంటండీ?" అని కండక్టర్లు ఏడిపించేవారు.

"మీ జాతకం నాకెందుకండీ బాబూ, మీ చెమట చూస్తున్నాను" అనేవారాయన.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పాళీ నడుస్తోందో లేదో చూడ్డానికి కాగితం మీద వరసగా సున్నాలు చుట్టేవారు తప్ప ఒక్క అక్షరం రాసేవారు కాదు. "నా పేరు రాసి చూపించండి" అని ఎవరైనా అడిగితే, "మీ పెన్నుతో తొలి మాట మీరే రాసుకోవాలండి, నేను రాయకూడదు" అనేవారు. ఎంత మర్యాదస్తుడో అనుకునేవాళ్ళం.

ఆ మర్యాదస్తుడు మహా పిరికివాడు. ఇది ఆయన్ని తక్కువ చెయ్యడానికి అనడం లేదు, ఆయనే చెప్పుకునేవారు. ఖాకీ బట్ట కనిపిస్తే బంకు తలుపు సగం దించేసేవారు. తాలూకాఫీసు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే సైకిలు దిగి రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవారు. "ఆఫీసంటే నాకు పడదమ్మా. కాగితం మీద ఒకసారి పడితే అది మనల్ని వదలదు" అనేవారు.

నేనూ ఏం తక్కువ కాదు. పదో తరగతి పరీక్షలంటే నాకు అన్నం సయించేది కాదు. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ పదో తరగతి దాకా రాలేదు. మా అక్క ఏడుతో ఆపి కొబ్బరిపీచు పనికి వెళ్ళేది. సాయంత్రం వచ్చి చేతులు చాపితే వేళ్ళ సందుల్లో కోతలు కనిపించేవి. అమ్మ నాతో ఒకే మాట చెప్పింది. "పాసయితే టీచరు ట్రైనింగు. తప్పితే అక్కతో పీచుకి. మళ్ళీ పరీక్ష కట్టించే ఓపిక మీ నాన్నకి లేదే." ఆ మాట విన్న దగ్గర్నుంచి నా చేతులు తడారలేదు. అర్ధసంవత్సరం పరీక్షలో నా చెమటకే అక్షరాలు అలుక్కుపోయి, లెక్కల మాస్టారు పేపరు ఎత్తి క్లాసంతటికీ చూపించారు.

మా నాన్న నన్ను బంకుకి తీసుకెళ్ళాడు. పెదనాన్నగారు నా అరచెయ్యి పట్టుకుని రాయబోయి ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, చెయ్యి కాలవలో ముంచొచ్చేవా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి మూడు పెన్నులు తీసి వరసగా పెట్టారు.

"ఇదిగో, ఇది సిల్వరు" అన్నారు. అల్యూమినియాన్ని మా వైపు అలాగే అంటాం. "జేబులో ఉన్నట్టే తెలీదు. పొద్దస్తమానం రాసినా చెయ్యి నొప్పెట్టదు. కానీ నీలాంటి చేతికి జారిపోద్ది, వేళ్ళు నల్లగా చేసేస్తుంది. కింద పడితే సొట్ట. ఇది స్టీలు. దీనికి చెమటన్నా లెక్కలేదు, సిరా అన్నా లెక్కలేదు. కానీ నా లేతుకి లొంగదమ్మా, మరలు సరిగా పడవు. నున్నగా ఉంటుంది, బరువు కూడాను. ఇది ఇత్తడి. వెన్నలా తెగుద్ది, మరలు బిగువుగా కూర్చుంటాయి. కాస్త వాసనేస్తుంది, వేలికి పచ్చగా అంటుద్ది. దానికేం, కడిగితే పోద్ది."

"ఏది మంచిదండీ?" అన్నాడు నాన్న.

"మంచిదేదీ లేదు. చెయ్యిని బట్టి ఉంటది. భయపడే చెయ్యి తేలికైనదాన్ని మర్చిపోతుంది, బరువున్నదాన్ని పట్టుకుంటుంది."

ఇత్తడి పెన్నే తీశారు. పట్టుకునే చోట ఆకురాయితో అడ్డంగా గరుకు గీతలు గీశారు. పొట్టి పెన్ను కదా, లోపలి రబ్బరు తిత్తిలో పట్టే సిరా మూడు గంటల పరీక్షకి చాలదని ఆయనకి బెంగ. మధ్యలో సిరా అయిపోతే ఈ పిల్ల అక్కడే పడిపోతుందని, తిత్తి పీకేసి, గొట్టంలోకే నేరుగా సిరా పోసుకునేలా చేశారు. ప్లాస్టిక్ పెన్నులకి వందసార్లు చేసిన పనే అది. ఇత్తడికి చెయ్యడం మాత్రం అదే మొదలు.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పరీక్షల ముందు ఆదివారం పిల్లలందరి పెన్నులూ పాస్టరుగారి ముందు బల్ల మీద పెట్టి ప్రార్థన చేయిస్తారు. ఆ రోజంతా అక్కడే ఉంచి సోమవారం పొద్దున్న పరీక్షకి వెళ్తూ తీసుకుంటాం. శనివారం మధ్యాహ్నం బంకు దగ్గరికెళ్తే పెదనాన్నగారు పెన్ను నిండా సిరా పోసి ఇచ్చారు. "ఖాళీ పెన్ను మీద ప్రార్థనేంటమ్మా? నిండుగా ఉండాలి" అన్నారు. అలా శనివారం పోసిన సిరా సోమవారం దాకా ఇత్తడి గొట్టంలో ఉండిపోయింది. బల్ల మీద ఉన్న ముప్ఫై పెన్నుల్లో ఇత్తడిది నాదొక్కటే.

తెలుగు మొదటి పేపరు. మొదటి ఇరవై లైన్లు చక్కగా నీలంగా నడిచాయి. తర్వాత ఒక అక్షరం తేడాగా కనిపించింది. కళ్ళు బైర్లు కమ్మాయేమో అనుకున్నాను. ఇంకో లైను రాశాను. పచ్చ. పేజీ తిప్పేసరికి పొట్లపాదు ఆకంత పచ్చగా దిగుతోంది సిరా. పాళీ దగ్గరున్నది ఇత్తడికి తగల్లేదు కాబట్టి నీలంగా ఉండిపోయిందనీ, గొట్టంలోదంతా విరిగిపోయిందనీ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. పచ్చ సిరా గెజిటెడ్ ఆఫీసర్లది. పరీక్ష పేపర్లో రెండు రంగులు కనిపిస్తే దిద్దేవాళ్ళకి గుర్తు పెట్టినట్టే లెక్క, డిబారు చేస్తారని మా హెడ్మాస్టరుగారు వారం రోజులు చెవినిల్లు కట్టుకుని చెప్పారు. పక్కమ్మాయిని పెన్నడగాలన్నా భయం, మాట్లాడితే కాపీ అంటారు.

ఇన్విజిలేటరుగారు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆయన చెప్పులు ఆగడం వినిపించింది.

"ఏంటమ్మా ఇది? పచ్చ సిరా ఏంటి?"

ఆయన నా నంబరు రాసుకున్నారు. బయటికెళ్ళి వచ్చి, "ముందు రాసెయ్యి. అయిపోయేక చీఫ్ సూపరింటెండెంట్ గారి గదికి రా" అన్నారు. ఇంకా రెండు గంటలు. ఏం రాశానో ఇప్పటికీ తెలీదు. పేజీ మీద చెయ్యి పెడితే అక్షరాల బదులు మా అక్క వేళ్ళు కనిపించేవి.

గది బయట నిలబడితే గేటు కనిపిస్తోంది. అక్కడ పెదనాన్నగారు ఉన్నారు. బంకు కట్టేసి పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డారట. నా మొహం చూసి ఏమైందని చేత్తో సైగ చేశారు. నేను పెన్ను ఎత్తి చూపించి ఏడ్చేశాను. గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళున్నారు. ఖాకీ కనిపిస్తే తలుపు దించుకునే ఆయన, వాళ్ళతో ఏం చెప్పారో గానీ, వాళ్ళ మధ్య నుంచే లోపలికొచ్చారు. దగ్గరికొచ్చాక చూశాను. పళ్ళు టకటకలాడుతున్నాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏవండీ, తప్పు అమ్మాయిది కాదండి. నాదండి. ఇత్తడిదండి" అన్నారు లోపలికి వెళ్తూనే.

"మీరెవరండీ?" అన్నారు చీఫ్ సూపరింటెండెంట్ గారు.

"పెన్ను చేసినోణ్ణండి, ఆయ్." ఆయన పెన్ను విప్పి, అద్దుడు కాగితం మీద మిగిలిన సిరా వంచారు. పచ్చటి మరక. తర్వాత బల్ల మీదున్న సిరా బుడ్డి నుంచి ఒక చుక్క పక్కన వేశారు. నీలం. "నేను పోసింది ఇలాంటి నీలమేనండి, ఇత్తడి తగిలి పచ్చబడింది. లోపల రబ్బరు తిత్తి ఉంచాల్సిందండి. ఎక్కువ సిరా పడుతుందని నేనే పీకేసేను. నన్నేమన్నా చెయ్యండి. పిల్లని వదిలెయ్యండి."

చీఫ్ సూపరింటెండెంట్ గారు ఆ రెండు మరకలూ చూశారు. "సరే. ఇదంతా రాసి సంతకం పెట్టండి. పేపరుతో పాటు పైకి పంపుతాను. ఆ తర్వాత వాళ్ళిష్టం" అని కాగితం జరిపారు.

పెదనాన్నగారు కదల్లేదు. పెన్ను పట్టుకునే ఉన్నారు. నావైపు చూసి తల దించుకున్నారు.

"నాకు రాయడం రాదండి" అన్నారు.

ఆ సున్నాలు, ఆ తొలి మాట సంగతి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి నాకు. ఊరందరికీ పెన్నులిచ్చిన మనిషి, తను దాచుకున్నదంతా నాకోసం ఆ బల్ల మీద పెట్టేశారు. ఇన్విజిలేటరుగారు కాగితం తీసుకుని రాశారు. పెదనాన్నగారు ఆ పచ్చ సిరాలోనే బొటనవేలు అద్ది కింద వేలిముద్ర వేశారు.

మర్నాడు పొద్దున్న నా చేతిలో స్టీలు పెన్ను పెట్టారు. లోపల రబ్బరు తిత్తి ఉంది. మరలు బిగువుగా లేవని దారం చుట్టి బిగించారు. "దీనికి మనం లొంగాలి గానీ ఇది దేనికీ లొంగదు" అన్నారు. మిగతా పేపర్లన్నీ దాంతోనే రాశాను.

రిజల్ట్సు వచ్చేదాకా రెండు నెలలు మా ఇంట్లో పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే అందరం మాట్లాడ్డం ఆపేసేవాళ్ళం. న్యూస్ పేపర్లో నా నంబరు పడింది. అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. నేను బంకుకి పరుగెత్తి చెబితే పెదనాన్నగారు ముందు అడిగిందేంటో తెలుసా? "ఆ కాగితం గురించి ఏమన్నా రాసేరా అమ్మా?"

ట్రైనింగయింది, ఉద్యోగమొచ్చింది. మొదటి జీతంతో చొక్కా బట్ట పట్టుకెళ్తే, మెల్లిగా, "ఎవరన్నా వచ్చి అడిగేరా?" అన్నారు. ప్రమోషనొచ్చినప్పుడూ అదే ప్రశ్న. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. చూపుడువేలితో బొటనవేలు రుద్దుకుంటూ ఉండేవారు. తన వేలిముద్ర ఏదో ఆఫీసులో బతికే ఉందనీ, ఎవడో ఒకడు దాన్ని బయటికి తీసి నా ఉద్యోగం ఊడగొడతాడనీ ఆయన భయం. బాల్‌పెన్నులొచ్చి బంకు మూతపడింది, ఆయన భయం మాత్రం మూతపడలేదు. ఆయన అక్షరాలు నేర్చుకోలేదు. నేర్పుతానంటే, "ఇప్పుడు నేర్చుకుంటే అప్పుడు అబద్ధమాడేనంటారమ్మా" అన్నారు. కోపమొచ్చింది నాకు. ఆ కోపంలోనే ఆ విషయం వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే వదలకుండా ఉండాల్సింది అనిపిస్తుంది.

రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మర్నాడే రాజోలు వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. "పెదనాన్నగారూ, నా ఉద్యోగం అయిపోయింది. ఇంక ఎవరూ వచ్చి ఏం చెయ్యలేరు" అన్నాను. "ఆయ్" అన్నారు. మళ్ళీ, "పింఛనుంది కదమ్మా?" అన్నారు.

ఆ ఇత్తడి పెన్ను ఇప్పటికీ నా దగ్గరుంది. లోపల పచ్చగా చిలుము పట్టి పాళీ ఊడిరాదు. స్టీలు పెన్ను మాత్రం నలభై ఏళ్ళు దాటినా కొత్తదానిలా ఉంది. ఇది రాస్తున్నది దాంతోనే.

మొన్న శనివారం శవపెట్టె మూసే ముందు ఇంట్లోవాళ్ళు నన్ను దగ్గరికి రమ్మన్నారు. ఆయన కుడిచెయ్యి ఛాతీ మీదుంది. నేను ఆ అరచెయ్యి తీసుకుని, ఆయన అందరికీ చేసినట్టే, బొటనవేలితో ఒకసారి రాసి చూశాను. చెమట లేదు. పొడిగా ఉంది.