మల్లేశాన్ని ఎప్పుడు కూర్చోబెట్టాలి

1983లో నేను వరంగల్లులోని ఒక నూలు మిల్లులో, వెల్ఫేర్ విభాగంలో పనిచేసేవాణ్ని. కాగితం మీద ఉద్యోగం ఏదైనా, అసలు పని మిల్లు బాస్కెట్‌బాల్ జట్టును నడపడం. ఆ రోజుల్లో మన దగ్గర ఆటగాళ్లకు వేరే జీతాలు, లీగులు ఏమీ లేవు. మిల్లులు, బ్యాంకులు, పెద్ద ఆఫీసులు బాగా ఆడేవాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లు పెట్టుకునేవి. పొద్దున మిషన్ల దగ్గర డ్యూటీ, సాయంత్రం కోర్టులో డ్యూటీ. గెలిస్తే మిల్లంతా పండుగ. ఓడితే క్యాంటీన్‌లో మాకు వచ్చే చాయ్ కూడా చల్లగానే వచ్చేది.

కోచ్ అంటే ఆట నేర్పేవాడని అందరూ అనుకుంటారు. కానీ మ్యాచ్ రోజున నేర్పేదేమీ ఉండదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని ఎప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఇదొక్కటే పని. అప్పట్లో మ్యాచ్ ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుగా జరిగేది. ఐదుగురు ఆడుతుంటే మిగతావాళ్లు బెంచీ మీద ఉంటారు. విజిల్ పడి ఆట ఆగినప్పుడు ఒకరిని పిలిచి ఇంకొకరిని పంపవచ్చు. దాన్నే సబ్‌స్టిట్యూషన్ అంటారు. చెప్పుకోవడానికి చిన్న విషయమే. చేసేటప్పుడు మాత్రం అంత చిన్నది కాదు.

మా జట్టుకు ప్రాణం మల్లేశం. కేసముద్రం పక్క పల్లెవాడు. మిల్లు గేటులో తల వంచుకుని నడిచేవాడు, అంత పొడుగు. రింగుకు తగిలి వెనక్కి వచ్చే బంతిని రీబౌండ్ అంటారు. మల్లేశం లేస్తే ఆ బంతి ఇంకెవరికీ దొరికేది కాదు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క కొమురమ్మ పెంచింది. ఆమె ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరే పని చేసేది. తమ్ముడి మ్యాచ్ ఉన్న రోజు తోటి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చేది. ఆమె గొంతు ముందు రిఫరీ విజిల్ చిన్నబోయేది.

చిక్కంతా చివరి ఐదు నిమిషాల్లో ఉండేది. మల్లేశం మ్యాచ్ మొత్తం ఆడేవాడు. ఆఖరుకు వచ్చేసరికి కాళ్లు బరువెక్కి, ఎగిరినా నేలను వదిలేవాడు కాదు. అంతకుముందు రెండేళ్లూ టోర్నమెంట్ ఫైనల్ అలాగే పోయింది. ఈసారి మధ్యలో ఆపి, ఆ బలాన్ని చివరికి దాచుకోవాలని నిశ్చయించుకున్నాను.

సుబేదారి గ్రౌండులో సెమీఫైనల్ మ్యాచ్. ఆట మంచి ఊపులో ఉండగా మల్లేశాన్ని బయటికి పిలిచి, సుధాకర్‌ను పంపాను. సుధాకర్ మా ఆఫీసులో టైపిస్టు, హనుమకొండలో గాజుల దుకాణం వాళ్లబ్బాయి. పొట్టివాడు, కానీ చాలా చురుకు.

"నన్నా సార్?" అన్నాడు మల్లేశం నమ్మలేనట్టు. వచ్చి బెంచీ చివర కూర్చుని, ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. జనం ఒక్కసారిగా గోల మొదలుపెట్టారు. ఆ గోలకు సుధాకర్ తన దగ్గరికి వచ్చిన మొదటి బంతే జారవిడిచాడు. ఇంతలో కోర్టు చుట్టూ కట్టిన తాడు దాటుకుని కొమురమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, మా తమ్ముడు ఏం తప్పు జేసిండు?"

"తప్పేం లేదక్కా. జరసేపు రెస్టు."

"గింతమందిల మూలకు కూసోవెట్టి ఇజ్జత్ తీస్తానవు. మల్ల రెస్టంటవేంది?"

రిఫరీ మా వైపు నడిచి వస్తున్నాడు. బెంచీ దగ్గర అల్లరి జరిగితే టెక్నికల్ ఫౌల్ వేస్తారు, ఎదుటి జట్టుకు ఊరికే పాయింట్లు దక్కుతాయి. గత్యంతరం లేక మల్లేశాన్ని మళ్లీ పంపాను. ఎలాగో గెలిచాం. ఆట ముగిసేసరికి అతను కుంటుతున్నాడు.

మర్నాడు మల్లేశం ప్రాక్టీసుకు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. కొమురమ్మ ముఖం ముడుచుకునే పీట వేసింది, ముడుచుకునే చాయ్ ఇచ్చింది.

"నేనాడ సార్," అన్నాడు మల్లేశం గోడవైపు చూస్తూ. "తప్పు జేసినోన్నే గద కూసోవెడ్తరు? మా ఊరోళ్లంత సూసిండ్రు."

"ఆఖరుకు నీ కాళ్లు లేస్తలేవు మల్లేశం. ఆ ఐదు నిమిషాల కోసమే నిన్ను ఆపుతున్న."

మల్లేశం మోకాళ్లు నిమురుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కాళ్లు గుంజుతయి సార్, నాకెర్క లేదా? కని ఆట నడుస్తాంటే ఉత్తగ కూసునుడు నాతోని గాదు," అన్నాడు.

అప్పుడు కొమురమ్మ అందుకుంది. "వాడు సిన్నప్పటిసంది గంతే సారూ. జ్వరమొచ్చినా పండుకోడు. నువ్వు రెస్టంటె వానికి శిక్షనే. కూసున్నకాడ ఏమన్న పని జెప్పు, సూడు."

నాకు ఆ మాట సూటిగా తగిలింది. కూర్చో అని చెప్పానే గాని, కూర్చుని ఏం చేయాలో నేను చెప్పలేదు. అక్కడే కూర్చుని ముగ్గురం మాట్లాడుకున్నాం. ఫైనల్లో ఎదురయ్యేది హైదరాబాద్ జట్టు. వాళ్ల సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే భారీ మనిషి, మల్లేశం కన్నా బరువైనవాడు. అతను ఏ పక్కకు తిరిగి బంతి వేస్తున్నాడో, ఎప్పుడు అలుస్తున్నాడో బయటినుంచి చూసి చెప్పడం మల్లేశం పని. ఆ భారీ మనిషిని కోర్టు ఈ కొననుంచి ఆ కొనకు ఉరికించడం సుధాకర్ పని.

"గిదా సంగతి?" అంది కొమురమ్మ. ముఖం విప్పారింది. "ఇగ నువ్వేం ఫికర్ వెట్టుకోకు. మావోళ్లకు నేను జెప్త."

ఫైనల్ ఆదివారం సాయంత్రం. మిల్లు కార్మికులు, మార్కెట్ ఆడవాళ్లు, కేసముద్రం నుంచి ట్రాక్టరెక్కి వచ్చినవాళ్లతో గ్రౌండు నిండిపోయింది. మొదటి భాగం మధ్యలో నేను సబ్‌స్టిట్యూషన్ అడిగాను. మల్లేశం బయటికి వస్తున్నాడు. గోల కోసం ఒళ్లు బిగపట్టుకుని నిలబడ్డాను.

వినిపించినవి చప్పట్లు. కొమురమ్మ నిలబడి రెండు చేతులూ ఎత్తి అరుస్తోంది: "మా తమ్ముడు కూసుంటాండు! ఇగ సూడుండ్రి!" ఆమె వెనక జనమంతా చప్పట్లు. గొప్ప ఆటగాడు బయటికి పోతుంటే ఇంత సంతోషం దేనికో హైదరాబాద్ కోచ్‌కు అంతుపట్టలేదు. మేమేదో పన్నాగం పన్నామని భయపడి, ఆట ఆపించి టైమ్ అవుట్ తీసుకున్నాడు. మేం నవ్వు ఆపుకోలేకపోయాం.

మల్లేశం ఈసారి తువ్వాలు కప్పుకోలేదు. నా పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూశాడు. "సుధాకరన్నా! ఎడమకే తిరుగుతాండు, ఎడమకే!" అని అరిచాడు. మరుసటి బంతికి సుధాకర్ సరిగ్గా ఆ పక్కన కాచుకుని, బంతి లాక్కుని, ఒక్క పరుగున పోయి రింగులో వేశాడు. మల్లేశం బెంచీ మీదినుంచి ఎగిరి గంతేశాడు.

"ఎగరకు మల్లేశం! దానికేనా నిన్ను కూసోవెట్టింది?" అన్నాను. బెంచీ అంతా పగలబడి నవ్వింది.

రెండో భాగంలో మేం ఆరు పాయింట్లు వెనకబడ్డాం. ఇక ఆగలేక మల్లేశాన్ని లెమ్మన్నాను. లేచాడు, కోర్టువైపు చూశాడు, మళ్లీ నా దగ్గరికి వంగాడు.

"సార్, జర ఆగుదాం. వాళ్ల సెంటర్ నోటితోని గాలి పీలుస్తాండు. సుధాకరన్న ఇంకింత ఉరికిస్తె వాని పని ఒడుస్తది."

ఇంకాసేపు బెంచీ మీదే ఉంటానని నన్ను అడిగిన ఆటగాణ్ని అంతకుముందు చూడలేదు. వెనకబడి ఉన్నాం, మిల్లు పెద్దలు ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తున్నారు. అయినా అతని కళ్లలోని ధీమా చూసి ఆగాను. సుధాకర్ ఉరికాడు, ఉరికించాడు. ఆ భారీ మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

"ఇప్పుడు!" అన్నాడు మల్లేశం.

సుధాకర్‌ను తీయలేదు, అలసిపోయిన ఇంకొకరిని పిలిచి మల్లేశాన్ని దింపాను. ఆ చివరి నిమిషాల్లో అతను ఎగురుతుంటే అప్పుడే ఆట మొదలైనట్టుంది. పడ్డ ప్రతి రీబౌండూ అతనిదే. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉండగా సుధాకర్ వేసిన బంతి రింగు అంచుకు తగిలి లేచింది. చుట్టూ నలుగురున్నా అందరి చేతులకూ పైన మల్లేశం చేయి కనిపించింది. గాలిలోనే బంతి అందుకుని, దిగకముందే లోపల వేశాడు. వెంటనే ఆఖరి విజిల్.

కేసముద్రం వాళ్లు మల్లేశాన్ని భుజాల మీదికెత్తారు. అతను పైనుంచి, "సుధాకరన్నను గూడ లేపుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు. గాజుల దుకాణం పెద్దాయన కొడుకును జనం భుజాల మీద చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కొమురమ్మ నా దగ్గరికొచ్చి, "సారూ, కూసోవెట్టుడు మంచిగ నేర్సుకున్నవు," అంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు.

ఆ తర్వాత చాలా జట్లకు కోచ్‌గా ఉన్నాను. మంచి ఆటగాణ్ని బయటికి పిలవక తప్పదు. కానీ పిలిచినవాణ్ని ఊరికే వదిలేస్తే, అతని కాళ్లకు విశ్రాంతి దొరుకుతుందే తప్ప మనసు కుతకుతలాడుతూనే ఉంటుంది. మళ్లీ లోపలికి పోయేది ఆ మనసే. అందుకే ఎంత గొప్పవాణ్ని పిలిచినా, మొదట నా పక్కన చోటు చూపించి, "ఇక్కన్నుంచి నీకేం కనిపిస్తున్నది, చెప్పు," అని అడిగేవాణ్ని. చెప్పడం మొదలుపెట్టాడంటే అతను ఇంకా ఆటలోనే ఉన్నట్టు.