అద్దం మీద ఊపిరి

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలోని చిన్న సీసాను చాలాసేపు చూసి అడిగాడు. "ఏందమ్మా అది, హోమియో మందా?"

కాదన్నాను. ఫ్యాక్టరీ చిమ్నీల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే గుళికలనీ, ల్యాబ్‌లో మూడేళ్ళు కష్టపడి నేనే తయారుచేశాననీ చెప్పాను. గొంతులో గర్వం ఉండే ఉంటుంది. ఆ వారమే, పని పూర్తయిందని ఒక ఫ్యాక్టరీకి రిపోర్టు పంపబోతున్నాను.

"నేను ముప్పై ఏండ్లు బాయిలర్ కాడ పనిచేసిన. పొగంటే ఉత్త గ్యాస్ గాదు, తడి మస్తుంటది. తడిల సుత పట్టుకుంటయా ఇవి?"

"ల్యాబ్‌లో సిలిండర్‌లో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో చూశామండీ. అందులో తేమ ఉండదు. తడి సంగతి తర్వాత చూస్తాం."

ఆయన కళ్ళద్దాలు తీసి, నోటితో ఊది, మసకబారిన అద్దాన్ని నా ముందు పెట్టాడు.

"మనిషి ఊపిరే గిట్లుంటది బిడ్డా. చిమ్నీది ఎట్లుంటదో జెర చూడు."

అద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, రైలు రాగానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను రిపోర్టు ఆపాను. తడి గ్యాస్‌లో పెడితే నా గుళికలు రెండు రోజుల్లో పిండైపోయాయి. ఆ పిండిని ఫ్యాక్టరీ వాళ్ళకంటే ముందు నేనే చూసుకున్నందుకు ఆయనకు ఎన్నిసార్లు మనసులో దణ్ణం పెట్టుకున్నానో. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇప్పటివి తడికి నిలుస్తున్నాయి.

ఆయన పేరు అడగలేదు. కొత్త గుళికలు చేసినప్పుడల్లా, సిలిండర్ తెరవడానికి ముందు వాటి మీద ఒకసారి నోటితో ఊదుతాను. చూసినవాళ్ళు మంత్రం వేస్తున్నాననుకుంటారు. కాదని ఎవరికీ చెప్పలేదు.