ముందు గుంతకు, తర్వాత నోటికి

ఎలీషా చేతికి చెంబెడు నీళ్ళు ఇస్తే ముందు భూమికి పోసేవాడు. మిగిలితే తాను తాగేవాడు. చాలాసార్లు మిగిలేవి కావు.

జమ్మలమడుగు కరెంటు ఆఫీసులో అతను వైర్‌మన్. కరెంటు పెట్టుకున్న ప్రతి ఇంటి వెనకా ఒక గుంత తవ్విస్తారు. అందులో బొగ్గులు, ఉప్పు, నడుమ ఒక ఇనుప పైపు. కరెంటు దారి తప్పితే మనిషి ఒంట్లోంచి పోకుండా ఆ పైపు గుండా భూమిలోకి దిగాలి. గుంత తడిగా ఉంటేనే దిగుతుంది. ఇంతవరకూ శాస్త్రం. ఇక్కడినుంచి ఎలీషా పిచ్చి.

ఈ మాట పిండి మర యజమాని నూర్ అహ్మద్ అనేవాడు. ఎలీషా పేరు వింటేనే అతని గడ్డం వణికేది. ఊరిలో ఇంకెవరినైనా తిట్టడానికి అతనికి కారణం కావాలి. ఎలీషాను తిట్టడానికి అక్కర్లేదు.

ఒకసారి కోదండరామయ్య పంతులు కూతురి పెళ్ళికి ఇద్దరూ పోయారు. ఎండ పళ్ళికిలిస్తోంది. పందిట్లో ఎవరో ఎలీషాకు చెంబు అందించారు. అతను చెంబు తీసుకుని పందిరి వెనక్కి పోయాడు. పెళ్ళికోసం పెట్టిన దీపాల తీగను వెతికి, దాని కింద గుంతను వెతికి, నీళ్ళన్నీ అందులో వంచి ఖాళీ చెంబు తెచ్చిచ్చాడు.

"ఇంగొగ చెంబు ఇస్తారా అమ్మా? శానా ఎండిపోయింది."

"గొంతా, నాయనా?"

"గుంత."

గుళ్ళో పెద్ద జియ్యరు మాదిరి ఎంత నిష్ఠ, అని నూర్ అహ్మద్ పక్కవాడితో అన్నాడు. దేవుడు మాత్రం బొగ్గుల్లో ఉండాడు.

చర్చిలోనూ అంతే. వానలకోసం పాస్టరు అందరిచేతా ప్రార్థన చేయించాడట. అందరూ ఆమెన్ అన్నాక ఎలీషా ఒక్కడే కళ్ళు మూసుకుని నిలబడి, "పిండి మర వెనకాల రవ్వంత ఎక్కువగా కురిపించు తండ్రీ" అని కలిపాడట. అది విన్న రోజు నూర్ అహ్మద్ అన్నం సరిగా తినలేదు. తన మర పేరు అంత దూరం పోవడం అతనికి నచ్చలేదు.

ఉత్త మంచివాడైతే భరించవచ్చు. ఎలీషాకు నోరు కూడా ఉంది. గుంత ఎండబెట్టుకున్నవాడు అతని దృష్టిలో మనిషి కాడు. ఒక షావుకారు ఇంట్లో గుంతకు పోయే తీగ విప్పి పెరట్లో బట్టలు ఆరేసుకున్నారు. ఎలీషా ఆ తీగ కింద నిలబడి, తడి పంచె తల మీద కారుతుండగా అడిగాడు.

"ఏం షావుకారూ, దీపానికి రెండు తీగలు చాలు, మూడోది దండగ అనుకొన్యావా?"

"దీపం ఎలగతానే ఉండాది గదప్పా."

"ఎలగతాది. నువ్వు ఆరిపోయినాక గూడా ఎలగతాది."

ఇలాంటివాడు వారానికోసారి పిండి మరకు వచ్చేవాడు. జేబులోంచి తీగలు వేలాడే బల్బు తీసి, ఒక తీగ స్విచ్చి దగ్గరా ఒక తీగ పైపు దగ్గరా ఆనించేవాడు. గుంత తడిగా ఉంటే బల్బు దండిగా వెలుగుతుంది. పందొమ్మిది వందల యాభై ఎనిమిది మే నెలలో ఆ బల్బు ఎర్రగా మాత్రమే మెరిసింది.

"చూడు సాబూ. ముసిలోని కన్ను మాదిరి ఉండాది."

"నీళ్ళు యాడుండాయప్పా? పెన్నలో ఇసుక తప్ప ఏముండాది? చెలిమ తవ్వి గంట కూర్చుంటే రెండు బిందెలు. మనుషులు తాగల్లా, నీ గుంత తాగల్లా?"

"మనిషికి దప్పికైతే అడుగుతాడు. ఇది అడగదు సాబూ."

అని ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. మర ఆగింది. జొన్నల డబ్బాలతో వరుసలో నిలబడిన ఆడవాళ్ళు ముప్పైమంది ఒక్కసారి నూర్ అహ్మద్ మీద పడ్డారు. ఫ్యూజు పీకినవాడిని ఒక్కరూ అనలేదు. అదీ అతనికి మండింది.

ఆ సాయంత్రమే నూర్ అహ్మద్ పోయి, కోదండరామయ్య అరుగు మీద కూర్చుని అర్జీ రాయించాడు. కోదండరామయ్య రిటైరైన పంతులు, అర్జీలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. ఎలీషా అనే వైర్‌మన్ పిలవకుండా వస్తాడు, ఫ్యూజులు పీకుతాడు, పెద్దా చిన్నా చూడకుండా మాట్లాడతాడు, తాగే నీళ్ళు నేలపాలు చేయిస్తాడు. కావున ఇతన్ని పులివెందులకు బదిలీ చేయవలెను.

"పులివెందులే ఎందుకు సాయిబూ?"

"ఆడ నాకు చుట్టాలు లేరు సామీ."

కడప నుంచి జవాబు వచ్చింది. ఇంజినీరు వచ్చి విచారిస్తాడు. అంతవరకూ ఎలీషా ఆ మర గడప తొక్కకూడదు. సుందరమ్మ, అంటే ఎలీషా పెళ్ళాం, ఊళ్ళో మిషను బళ్ళో టీచరు. బదిలీ అయితే ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. ఆ సంగతి నూర్ అహ్మద్‌కు తెలుసు. తెలిసీ ఆ రోజు బిర్యానీ వండించాడు.

గుంత చుట్టూ కంప కొట్టించాడు. ఒక్క చుక్క పోస్తే కాళ్ళు విరగ్గొడతానని మరలోని వాళ్ళకు చెప్పాడు. కొత్త ఫ్యూజుతో నెలరోజులు మర హాయిగా ఆడింది. ఎలీషా వీధిలో ఎదురైతే నూర్ అహ్మద్ అడిగేవాడు.

"ఏమప్పా, పులివెందులలో ఇల్లు చూసుకొన్యావా?"

"చూసుకుంటాలే సాబూ. ఆడ గుంతలు ఎట్లుండాయో ఏమో."

ఇంజినీరు వచ్చిన రోజు నూర్ అహ్మద్ తెల్ల లాల్చీ వేసుకున్నాడు. ఎలీషా గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు డబ్బాలతో వరుస కట్టారు. వాళ్ళలో సుందరమ్మ కూడా కొర్రల డబ్బా పట్టుకుని ఉంది.

"నెల నుంచి ఒక్క చుక్క పొయ్యలేదు సార్. ఏమన్నా అయిందా? మీరే చూడండి."

స్విచ్చి వేశాడు. మర లేచింది. వరుసలో ముందున్న వెంకటసుబ్బమ్మ జొన్నలు రేకు తొట్టిలో పోసి, చేత్తో లోపలికి తోస్తోంది. తడి చెయ్యి, ఉత్త కాళ్ళు. గోడ మీది పెట్టెలో ఠప్పుమని చప్పుడైంది. బెల్టు నెమ్మదించి ఆగిపోయింది.

"చూసినారా సార్! ఈయప్ప బయట నిలబడినా ఫ్యూజు పీకుతాడు!"

ఇంజినీరు నవ్వలేదు. మోటారు మూత విప్పించాడు. లోపల ఒక తీగ మీది గుడ్డ కాలిపోయి, తీగ ఇనుముకు ఆనుకుంది. అదే ఇనుము మీద రేకు తొట్టి.

"ఈ అమ్మ చెయ్యి ఎక్కడుంది?"

"తొట్టి మీద సార్."

"గుంత ఎండిపోయి ఉంటే ఫ్యూజు కొట్టేసేది కాదు. ఈమెను కొట్టేసేది. నెల నుంచి నీళ్ళు పోయలేదన్నావే?"

"నా జొన్నలు సగమే ఆడినాయి" అంది వెంకటసుబ్బమ్మ. "మిగతా సగం ఎవురాడిస్తారు సాయిబన్నా?"

అందరూ మర వెనక గుంత దగ్గరికి పోయారు. కంప చెక్కుచెదరకుండా ఉంది. లోపల బొగ్గులు నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. రెండు పిచ్చుకలు ఆ బురదలో పొర్లుతున్నాయి. ప్రహరీ గోడ మీదనుంచి, కంపకు పైన, సగానికి చీల్చిన వెదురు బొంగు. దాని కొన సరిగ్గా పైపు నోటి మీద.

ఇంజినీరు గడప దగ్గరికి తిరిగివచ్చాడు.

"ఏమయ్యా, రావద్దన్నామా లేదా?"

"గడప తొక్కొద్దన్నారు సార్. తొక్కలే. గోడ సంగతి కాగితంలో లేదు."

"ఎప్పుడు పోశావు?"

"సాబు మద్యాన్నం నమాజుకు పోతాడు గదా సార్."

"నీళ్ళెక్కడివి?"

ఎలీషా తలవంచుకున్నాడు. నెల నుంచి ఆపుకున్న మాట సుందరమ్మ నోట్లోంచి ఊడిపడింది.

"నన్నడగండి సార్! తెల్లారగట్ట లేచి చెలిమ కాడ కూర్చుంటే రెండు బిందెలు. ఒగటి మా ఇంటికి, ఒగటి ఈ సాయిబన్న గుంతకు. నేను తలకు పోసుకోని నెలాయ. ఊరంతా నా జుట్టు చూసి నవ్వుతాండారు."

నూర్ అహ్మద్ లాల్చీ గుండీ ఒకటి పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఎలీషా. నీ మీద అర్జీ పెట్టింటి గదప్పా. తెలుసు గదా?"

"తెలుసు."

"మరి ఎందుకు పోసినావు?"

"అర్జీ పెట్టింది నువ్వు సాబూ. గుంత ఏం జేసింది? జొన్నలాడిచ్చుకునేటోళ్ళు ఏం జేసినారు?"

చిక్కేమిటంటే బదిలీ కాగితం కడపలో అప్పటికే టైపయి ఉంది. ఆపాలంటే అర్జీ పెట్టినవాడే మళ్ళీ రాయాలన్నాడు ఇంజినీరు. నూర్ అహ్మద్ కోదండరామయ్య అరుగు ఎక్కాడు.

"నిన్న పొమ్మంటివి, ఈరోజు ఉండమంటివి. ఏం రాయల్ల సాయిబూ?"

"మొదటిది చదువు సామీ."

కోదండరామయ్య తన దగ్గరున్న నకలు తీసి చదివాడు. పిలవకుండా వస్తాడు. ఫ్యూజులు పీకుతాడు. పెద్దా చిన్నా చూడకుండా మాట్లాడతాడు. తాగే నీళ్ళు నేలపాలు చేయిస్తాడు.

"అంతా నిజమే. ఒగ అక్షరం మార్చొద్దు" అన్నాడు నూర్ అహ్మద్. "కడాన మాత్రం, కావున ఇతన్ని ఎప్పటికీ బదిలీ చేయరాదు అని రాయి."

అలాగే పోయింది. కడపలో ఆ అర్జీ చదివినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. బదిలీ ఆగింది.

ఆ తర్వాత నూర్ అహ్మద్ రోజూ నమాజుకు పోయే ముందు చెంబు తీసుకుని గుంత దగ్గరికి పోయేవాడు. మొదటిరోజే గోడ మీద ఒక తల లేచింది.

"సాబూ, పైపు నోట్లో పోయి. పక్కన పోస్తే ఎవురికి?"

"తెలుసులేప్పా! నీకు ఇంగేం పని లేదా?"

సగం పోసి, మిగతా సగంతో చెంబు గోడ మీదికి చాచాడు.

"ఇది నువ్వు తాగు. నా కండ్ల ముందర తాగు."

ఎలీషా చెంబు అందుకున్నాడు. పైపును చూశాడు, నూర్ అహ్మద్‌ను చూశాడు. తాగాడు. అడుగున ఒక గుక్కెడు మిగిలింది.

దాన్ని గోడ మీదనుంచే, గురి తప్పకుండా, పైపులో పోశాడు.