ఫోను తుడిచేసిన పెన్సిల్ రాతలు

ఆ రోజుల్లో నా జేబులో రెండు వేల పుస్తకాలుండేవి. ఒక్కటీ చదవలేదనుకోండి, అది వేరే సంగతి. ఫోన్‌లో ఉన్నాయంటే బుర్రలో ఉన్నట్టేనని నా ధీమా. డిప్లొమా అవగానే ఆటోనగర్‌లో గేర్లు కోసే చిన్న వర్క్‌షాపులో చేరాను. అక్కడి హెడ్ మేస్త్రిని అందరం గేర్ల మావ అనేవాళ్లం. ఆయన దగ్గర అట్ట ఊడితే గోనెగుడ్డ వేసి కుట్టిన పుస్తకం ఒకటుండేది. ఎన్ని పళ్ల గేరుకి మిషన్ హ్యాండిల్ ఎంత తిప్పాలో చెప్పే పట్టికలు అందులో ఉండేవి. సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ దాన్ని ముట్టుకునేవాడు కాదు. (అయినా పేజీల నిండా గ్రీజు మరకలే. ఆయన గురువు చేతులు కడుక్కునే రకం కాదట.)

మావ మీద జాలిపడి ఆ పుస్తకమంతా ఫోన్‌తో స్కాన్ చేశాను. మరకలు తీసెయ్యమంటావా అని ఫోన్ అడిగితే సరేనని నొక్కాను. పేజీలు మల్లెపూలలా వచ్చాయి. చూపిస్తే మావ కళ్లు చికిలించి, "అన్నీ తుడిసేసేవేటి బాబూ?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఊడుపులకని మావ తన ఊరు పద్మనాభం వెళ్తూ, పుస్తకం దాచే పెట్టె తాళం నా చేతిలో పెట్టాడు. "పుస్తకం సూసి సెయ్యి" అన్నాడు. మర్నాడే హార్బర్‌లో ఆగిపోయిన బోటుకి గేరు కావాలని వచ్చారు. నేను దర్జాగా ఫోన్ తీసి, పట్టిక చూసి, కోశాను. అన్ని పళ్లూ చక్కగా వచ్చాయి, చివరిది మాత్రం సగమే వచ్చింది. ఓనరు దాన్ని చూసి, "ఇంకొక్క ఇనప దిమ్మే ఉంది. సాయంత్రానికి గేరు కాకపోతే రేపట్నుంచి రావక్కర్లేదు" అన్నాడు. మావ ఫోన్ ఎత్తలేదు. పుస్తకం పెట్టెలోంచి తీసి, తెరిచైనా చూడకుండా చంకనబెట్టుకుని బండి మీద పద్మనాభం పరుగెత్తాను.

మోకాలిలోతు బురదలో ఉన్నాడు మావ. నా ముఖం చూడగానే గట్టెక్కి, కాలువలో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పుస్తకాన్ని అరచేతిలో నిలబెట్టి వదిలాడు. అది తనంతట తానే, నేను ఫోన్‌లో చూసి కోసిన పేజీ దగ్గరే తెరుచుకుంది! ఎన్నేళ్లుగా ఎన్ని చేతులు ఆ పేజీ తెరిచాయో! అచ్చులో ఉన్న అంకె పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన సరైనది రాసి ఉంది. దాని కింద గురువుగారి రాత: "ఇది తప్పు. నాను గేరు పాడు సేసేను. నువ్వు సెయ్యకు." దాని కిందే మావ రాత: "నానూ సేసేను."

"నువ్వు కూడా చదవలేదా మావా?"

"కుర్రోడికి ఓపికుంటాదేటి?" అని నవ్వి పెన్సిల్ అందించాడు. సిగ్గుతో మూడో వరుస రాశాను: "నేను కూడా. ఫోన్‌లో చూసి." సాయంత్రానికి గేరు అయింది, ఉద్యోగమూ నిలిచింది.

ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంది. ఆ స్కాన్ ఏ పాత ఫోన్‌తో పోయిందో తెలియదు. కొత్తగా చేరిన పిల్లలు ఆ పేజీ చూసి, "ఈ మూడో ఆయనెవరు సార్?" అని పగలబడి నవ్వుతారు. "ఎవడో పాపం, రెండు వేల పుస్తకాలున్నవాడు" అంటాను. వాళ్లు నవ్వుతూనే ఫోన్లు తీసి ఆ పేజీని ఫొటో తీసుకుంటారు. నేను మాత్రం నాలుగో వరుసకి చోటుంది కదా అని పెన్సిల్ చెక్కి ఆ పేజీలోనే పెడతాను.