మేడమ్ మోకరిస్తారా?

ఆ వారమంతా నా కాలు ఒకచోట నిలవలేదు. ఇంటర్వ్యూ నాది కాదు, మా మేడమ్‌ది. కాలు కాలిన పిల్లిలా తిరిగింది మాత్రం నేను.

గోదావరి జిల్లా నుంచి నర్సుగా మస్కట్ వచ్చిన నేను అప్పటికి అక్కడి బౌషర్ పేటలో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. మా హెడ్ ఉగాండా ఆవిడ. పొడగరి. నవ్వితే కారిడార్ చివరిదాకా వినిపించేది. తన దేశంలో తాను చదువుకున్న యూనివర్సిటీకే వైస్ ఛాన్సలర్ పదవి కోసం ఆమెను ఇంటర్వ్యూకి పిలిచారు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. పదవి వస్తే మేడమ్ మమ్మల్ని వదిలి వెళ్ళిపోతారు. రాకపోతే నేను తట్టుకోలేను. ఎటు ఆలోచించినా నాకు నిద్ర లేదు.

చిక్కంతా మోకాళ్ళ దగ్గర వచ్చింది. మేడమ్ పుట్టిన చోట పెద్దలు ఎదురైతే ఆడవాళ్ళు మోకరించి పలకరిస్తారు. ఒకసారి వాళ్ళ ఊరి పెద్దాయన కాలేజీకి వస్తే, డాక్టర్లూ స్టూడెంట్లూ చూస్తుండగానే మేడమ్ కారిడార్‌లో మోకరించారు. ఇప్పుడు ఇంటర్వ్యూలో నడిమి కుర్చీ ఆమెకు పాఠాలు చెప్పిన ముసలి ప్రొఫెసర్‌ది.

"మోకరిస్తే, ఈవిడా మనల్ని నడిపేది అంటారు," అన్నారు మేడమ్, కొత్త బట్టల కోసం మత్రా బజారుకు వెళుతూ కారులో. "మోకరించకపోతే, పరాయి దేశం వెళ్ళి పొగరు నేర్చుకొచ్చింది అంటారు. మీవైపు ఏం చేస్తారు?"

"లేచి నిలబడతాం మేడమ్. డాక్టరు గదిలోకి వస్తే చాలు, చేతిలో ఏ పనున్నా లేచేస్తాం."

"నువ్వు ఇప్పుడు ట్యూటర్‌వి కదా?"

"అలవాటు మేడమ్."

నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు. గుడ్డల కొట్లన్నీ తిరిగి, ఏ రంగూ నచ్చక ఖాళీ చేతులతో వచ్చేశాం.

సెలవురోజు శుక్రవారం హమ్రియాలో మా ప్రార్థన కూడికలో ఈ సంగతి చెప్పాను. మావైపు నర్సులూ, ఇళ్ళల్లో పనిచేసే కడప ఆడవాళ్ళూ కలిసే గది అది.

"ఆ తల్లికి ఎవరి ముందూ మోకరించే పని పడకూడదని అడుగుదాం, రండర్రా," అంది కూడిక నడిపే భీమవరం అక్క. అందరం మోకరించాం. ప్రార్థన మధ్యలో కడపావిడ ఒకామె కిసుక్కున నవ్వింది.

"ఏందక్కా, ఆయమ్మ మోకరించగూడదని మనం మోకరిస్తిమే!"

గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

మేడమ్ వెళ్ళారు. అక్కణ్ణించి ఫోన్ రాలేదు. నేను స్టూడెంట్ల మీద ఊరికే విసుక్కున్నాను, రాసిన బోర్డునే మళ్ళీ తుడిచి రాశాను, టీ పెట్టుకుని తాగడం మర్చిపోయాను. తిరిగొచ్చిన రోజు ఆమె బ్యాగు కూడా దించకముందే అడిగేశాను.

"మోకరించాను," అన్నారు.

"అయ్యో మేడమ్!" అన్నాను.

"నాకు మైక్రోస్కోప్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఎదురుగా ఉన్నాడు. మోకరించి, లేచి, కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్నాయన అడిగాడు, ఇలా మోకరించే మనిషి ఇంతమంది ప్రొఫెసర్లను ఎలా నడిపిస్తుందని. నేను మోకరించింది నా గురువుకు, మీకు కాదు, తర్వాతి ప్రశ్న అడగండి అన్నాను."

పదవి ఆమెకే వచ్చింది. ఆ కబురు విని గంతులేశాను, వెంటనే ఏడ్చాను.

ఆమె వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో, ట్రాలీల మధ్య, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని మేడమ్ ముందు మోకరించాను. "ఏంటిది, లే, అందరూ చూస్తున్నారు," అన్నారు.

మర్నాడు పరీక్షల మీటింగు. మేమంతా కూర్చున్నాక ఆస్పత్రి పెద్ద డాక్టరు తలుపు తోసుకుని వచ్చారు. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ లేచారు. నా మోకాళ్ళూ కదిలాయి. వాటి మీద చేతులు పెట్టి నొక్కి పట్టుకున్నాను.

"గుడ్ మార్నింగ్ డాక్టర్," అన్నాను, కూర్చునే.